బుధవారం దారం

పదిహేడేళ్లప్పుడు నాకు మీసం ఉండేది. నవ్వకండి. మా అమ్మ దాన్ని నూగు అనేది. నూగైతే దగ్గరకొస్తే తప్ప కనపడకూడదు కదా, నాది సిటీ బస్సులో రెండు సీట్ల అవతల నుంచి కూడా కనపడేది. ఇంటర్ కోచింగ్ కాలేజీలో మా సెక్షనంతా ఆడపిల్లలే, అదీ నా ఖర్మ. మగపిల్లలైతే దూరం నుంచి ఏదో అనుకుని ఊరుకునేవాళ్లు. వీళ్లు పక్కన కూర్చుని, జాలిగా మొహం పెట్టి, ఏమన్నా రాసుకోవచ్చు కదే అనేవాళ్లు. ఆ జాలికి నాకు ఒళ్లు మండేది.

మా అమ్మ రాయందేముంది గనక! ఆదివారం వచ్చిందంటే సెనగపిండి, పసుపు, మీగడ కలిపి నలుగు పెట్టేది. పై పెదవి మీద బొటనవేలితో రుద్దుడే రుద్దుడు. తోలు లేచేది గానీ వెంట్రుక కదిలేది కాదు. సోమవారం పొద్దున కందిపోయిన మూతి మీద అదే మీసంతో కాలేజీకి పోయేదాన్ని. పోనీ దారంతో తీయించుకుంటానంటే కళ్లెర్రజేసేది. ఒకసారి తీస్తే రెట్టింపు వస్తాయట, మగాళ్ల గడ్డంలా గరుకుదేలతాయట. నీకెవరు చెప్పారమ్మా అంటే, అందరికీ తెలిసిందేగా అనేది. అందరికీ తెలిసిన అబద్ధం మీద నేనొక్కదాన్ని ఎక్కడ గెలుస్తాను?

అందుకని అమ్మకి చెప్పకుండా పిన్ని దగ్గరికి పోయాను.

పిన్ని అంటే అమ్మకి సొంత చెల్లెలు. పటమటలోనే మాకు మూడు సందుల అవతల ఉండేది. బాబాయికి కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. పిల్లల్లేరు. పిన్ని ఒకప్పుడు మహిళా మండలిలో కుట్టుపని నేర్చుకోడానికి చేరింది. పక్క గదిలో బ్యూటీషియన్ క్లాసు జరిగేదట. కిటికీలోంచి అటే చూస్తూ కూర్చుని, జాకెట్టు చంకలో ముడతలు రాకుండా కుట్టడం నేర్చుకోకుండానే వచ్చేసింది గానీ, దారంతో వెంట్రుకలు తీయడం మాత్రం పూర్తిగా పట్టేసింది. మా కుటుంబంలో ఎవరూ ఆవిడ చేత జాకెట్టు కుట్టించుకోలేదు. కనుబొమ్మలకి మాత్రం వీధంతా అక్కడే.

వాళ్లింటి వెనక వసారాలో గోడకానించి ఒక చేతుల కుర్చీ ఉండేది. మంగళవారం, శుక్రవారం వెంట్రుక తెగకూడదని ఆ రెండు రోజులూ కుర్చీ ఖాళీ. మిగతా రోజుల్లో బాబాయి ఏ షిఫ్టుకి వెళ్లాడో దాన్నిబట్టి వీధి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. పిన్ని ఎవరి దగ్గరా పైసా తీసుకునేది కాదు. ఒకావిడ కరివేపాకు తెచ్చేది, ఒకావిడ దోసావకాయ తెచ్చేది, ఇంకొకావిడ ఊరి కబుర్లన్నీ తెచ్చేది. ఆ చివరావిడంటేనే పిన్నికి ఎక్కువ ఇష్టం.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మూతికి పౌడరద్దింది. తెల్ల రీలులోంచి మూరన్నర దారం తెంపి, ఒక కొస పళ్లతో కరిచి పట్టుకుంది. మిగతాది రెండు చేతుల వేళ్లకి తగిలించి మధ్యలో మెలి పెట్టింది. ఆ మెలి అటూ ఇటూ పరుగెడుతుంటే వెంట్రుకలు అందులో ఇరుక్కుని కుదుళ్లతో సహా ఊడొస్తాయి. అయితే చర్మం బిగువుగా ఉండాలి. వదులుగా ఉందా, మెలి వెంట్రుకని వదిలేసి తోలుని కొరుకుతుంది. పిన్నికి రెండు చేతులూ పళ్లూ దారానికే సరిపోతాయి కాబట్టి, చర్మం లాగి పట్టుకోవాల్సింది కూర్చున్నవాళ్లే. కనుబొమ్మలకైతే రెండు చేతులూ పెట్టి పైకొకటి కిందికొకటి లాగాలి. పై పెదవికైతే నాలుక లోపల్నుంచి తోసి ఉబ్బించాలి. దారం పళ్ల మధ్య ఉండబట్టి పిన్ని మాటలు సగం సగం వచ్చేవి. "నాలిక తొయ్యి, నాలిక తొయ్యి" అని ఆవిడ అనడం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

అబ్బ, ఆ నొప్పి! కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వరసగా ఏడు తుమ్ములొచ్చాయి. అందరికీ తుమ్ములొస్తాయే, సిగ్గుపడకు అంది పిన్ని. అయిపోయాక అద్దం ఇచ్చింది. అద్దంలో ఉన్న పిల్లని చూసి నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు.

అమ్మ మూడు రోజుల దాకా కనిపెట్టలేదు. కనిపెట్టాక తిట్లు పడతాయని కాసుక్కూర్చున్నాను. తిట్టడం అటుంచి, నెల తిరక్కుండా తనే వచ్చి పిన్ని కుర్చీలో కూర్చుంది. "ఏం లేదే, ఈ చివర రెండే రెండు ఉన్నాయి, చూడు" అంది. ఆ రెండూ తీయడానికి పిన్నికి పావుగంట పట్టింది.

డిగ్రీలో ఉండగా పిన్ని నాకు ఈ పని నేర్పింది. అడక్కుండానే నేర్పింది. ముందు నా కాలి మీదే చేసుకోమంది. మోకాలి కింద వెంట్రుకలన్నీ అయిపోయినప్పుడు నా దగ్గరికి రా అంది. కాలినిండా ఎర్రటి గాట్లు పడ్డాయి, దారం కరిచి కరిచి ముందు పళ్లు జివ్వుమనేవి. రెండు నెలలకి చెయ్యి కుదిరింది. కుదిరిందో లేదో మా వీధి చివరింటావిడకి ఎడమ కనుబొమ్మ తోక సాంతం లేపేశాను. ఆవిడ తమ్ముడి పెళ్లిలో ఫొటోలన్నిటికీ కుడి బుగ్గే కనపడేట్టు తిరిగి నిలబడింది. ఆ తర్వాత నన్ను చూస్తే సందు మారేది, పాపం.

అంత పట్టుబట్టి ఎందుకు నేర్పిందో ఒక బుధవారం తెలిసింది. బాబాయి పొద్దున షిఫ్టుకి వెళ్లాడు. పిన్ని వసారా తలుపుకి గడియ పెట్టి, తనే కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చింది. ఇక్కడ చెయ్యి వేసి చూడు అని నా వేళ్లు తన దవడ కిందికి తీసుకెళ్లింది. గరుకుగా తగిలింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అలా లాక్కున్నందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పెళ్లైన మూడో ఏడు నుంచీ వస్తున్నాయట. ఏవో హార్మోన్లని డాక్టరమ్మ బిళ్లలిచ్చిందట, అవి వేసుకుంటే ఒళ్లొచ్చింది గానీ వెంట్రుకలు పోలేదట. అదే ఏడు వాళ్లత్తగారు ఏదో పెళ్లిలో గడ్డం మీద నాలుగు వెంట్రుకలున్న ఒకావిడని చూపించి, గడ్డమొచ్చిన ఆడదాని కడుపున పిల్లలేం పుడతారు, అది ఇంటికే అరిష్టం అందట. పక్కన బాబాయి కూడా ఉన్నాడట. ఆయన ఏమీ అనలేదట. మరి విన్నాడో, వినలేదో. పిన్ని మాత్రం ఆ మాట మింగి కూర్చుంది. అప్పట్నుంచీ ఎదురుగా కనపడేవన్నీ దారం రెండు చేతులకీ తగిలించుకుని అద్దం ముందు తనే తీసుకునేది. దవడ కిందవి మాత్రం అద్దంలో కనపడవు, అక్కడ చర్మం లాగి పట్టుకుంటే దారానికి చేతులుండవు. పద్దెనిమిదేళ్లు వాటిని చిన్న కత్తెరతో తడుముకుంటూ కత్తిరించుకుందట.

ఆ రోజు నా చేత ఒట్టేయించుకుంది. "మీ బాబాయికి తెలిసిందా, ఇక నేను ఆయన మొహం చూడలేనే" అంది. నాకు నవ్వొచ్చింది కూడా. బంగారం లాంటి మనిషి, ఈ నాలుగు వెంట్రుకలకి ఏమంటాడు అన్నాను. నీకు తెలీదులే అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుంది. పెట్టుకున్నాక ఇక నవ్వడానికేముంది?

అలా బుధవారాలు మొదలయ్యాయి. పదిహేను రోజులకొకటి. నాకు పెళ్లయి కానూరు వెళ్లినా ఆటో ఎక్కి వచ్చేదాన్ని. ఉద్యోగంలో చేరాక బుధవారం మధ్యాహ్నం పర్మిషన్ పెట్టేదాన్ని. బ్యాంకు పని, పంటి డాక్టరు, పిల్లాడి స్కూలు, ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు. తల వెనక్కి వాల్చి, రెండు చేతులతో మెడ మీద చర్మం కిందికీ పైకీ లాగి పట్టుకుని, పిన్ని సీలింగు కేసి చూస్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. మా అమ్మ చిన్నప్పటి దొంగతనాలన్నీ నాకు ఆ కుర్చీ దగ్గరే తెలిశాయి. ఇప్పుడు పార్లర్‌కి పోతే ఆ అమ్మాయి చెవిలో ఏదో పెట్టుకుని పాటలు వింటూ పని కానిచ్చేస్తుంది. పని బాగానే చేస్తుంది, అనకూడదు. కానీ ఇంటికొచ్చాక ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

బాబాయి రిటైరయ్యాక మాకు కష్టాలొచ్చాయి. మనిషి ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే. పిన్ని బుధవారం రాగానే ఆయన చేతికి సంచీ ఇచ్చి రైతుబజారుకి తోలేది. ఆయనేమో పది నిమిషాల్లో దొండకాయలు పడేసుకుని తిరిగొచ్చేవాడు. దాంతో పిన్ని జాబితా పెంచింది. లేతగా ఉండాలి, పుచ్చులుండకూడదు, ములక్కాడలు విరిచి చూసి తేవాలి అనేది. ఆ రోజు వాళ్లింట్లో కూరగాయలు నలుగురికి సరిపోయేవి. సగం నా సంచీలోకే వచ్చేవి.

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరే ముందు, పిన్నికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దగా వచ్చేది. ఆస్పత్రిలో పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ కుడి చేత్తో దుప్పటి అంచు గడ్డం మీదికి లాక్కుని పట్టుకునే ఉంది. నర్సు తీస్తే మళ్లీ లాక్కునేది. మూతి వంకరపోయిందని సిగ్గు పడుతోంది డాక్టరుగారూ అని బాబాయి చెబుతుంటే, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ప్రాణం మీదికొచ్చిన మనిషి ప్రాణం గురించి కాదు, దాని గురించి భయపడుతోంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు.

ఇంటికి తెచ్చిన మర్నాడే బుధవారం. బాబాయికి సంచీ ఇచ్చి పంపించాను. పిన్ని తల దిండు మీంచి వెనక్కి వాల్చి పని మొదలుపెట్టాను. కుడి చేత్తో చర్మం పైకి లాగింది. కిందికి లాగడానికి రెండో చెయ్యి లేదు. గడ్డం మీదివి తీద్దామని నాలుక తొయ్యి పిన్నీ అన్నాను. తోయబోయింది. నాలుక కూడా మాట వినలేదు. వదులు చర్మంలో మెలి దిగి తోలుని పట్టుకుంది. రక్తం చుక్క వచ్చింది. మోచేత్తో అదిమి చూశాను, నా దారం జారిపోయింది. రెండో చోట కూడా రక్తం. మూడోసారికి పిన్ని కళ్లల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. నొప్పికి ఏడ్చే మనిషి కాదావిడ. ఇక ఇది కుదరదని ఆవిడకి తెలిసిపోయింది.

అప్పుడే గేటు చప్పుడైంది. బాబాయి సంచీతో గది గుమ్మంలోకి వచ్చేశాడు. నేను గడియ పెట్టడం మర్చిపోయాను. పళ్ల మధ్య దారంతో నేను, మెడ మీద రక్తంతో పిన్ని.

నాకు అప్పుడు ఏం పుట్టిందో! ముప్ఫై ఏళ్ల ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. "బాబాయ్, చేతులు కడుక్కుని రా. ఇక్కడ పట్టుకోవడానికి మనిషి లేరు" అన్నాను.

పిన్ని నాకేసి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కుడి చేత్తో గడ్డం మొత్తం కప్పేసుకుంది. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం దగ్గరికి వచ్చాడు. పిన్ని ముద్ద ముద్దగా, ఒక్కో అక్షరం పోగేసుకుంటూ, "చూడొద్దు" అంది.

ఆయన మంచం పట్టీ మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "నా వేళ్లు ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టమ్మాయ్" అన్నాడు.

ఆయన వేళ్లు నేనే తీసి పిన్ని మెడ మీద పెట్టాను. కిందికి లాగు అంటే లాగాడు. బిగువుగా, కదలకుండా పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసిన చెయ్యి. పిన్ని చెయ్యి గడ్డం మీంచి మెల్లగా పక్కకి జరిగింది. పావుగంటలో పని అయిపోయింది. ముఖం తుడిచి పౌడరు రాసి, అయింది బాబాయ్ అంటే అప్పుడు తెరిచాడు. తెరిచి, ములక్కాడలు ఇవాళ బాగాలేవు, తేలేదు అని పిన్నికి చెప్పి వంటింట్లోకి వెళ్లాడు.

పిన్ని నాతో నెల రోజులు మాట్లాడలేదు. పనికి మాత్రం మెడ చాచేది. నేను కూడా తగ్గలేదు, మాట్లాడకపోతే మానె అని నా పాటికి నేను దారం తీసేదాన్ని. ఆ నెలంతా మా ఇద్దరి మధ్యా బాబాయి ఒక్కడే కళ్లు మూసుకుని మాట్లాడేవాడు. బాయిలర్ల సంగతులు, స్టాఫు బస్సులో పేకాటలు, క్యాంటీన్ ఉప్మాలో ఒకసారి బల్లి దొరకడం. అన్నీ నాకు తెలిసిన కథలే. మూడో బుధవారం ఉప్మా కథ దగ్గర పిన్ని దవడ దారం కింద కదిలింది. నవ్వుతోంది. కదలకు, తెగుద్ది అని తిట్టాను. అలా మళ్లీ మాటలు కలిశాయి.

ఆయన నిజంగా కళ్లు మూసుకుంటున్నాడా అని నాకు అనుమానం. నా బుద్ధే అంత. ఒకసారి పని మధ్యలో, బాబాయ్, నేను ఇవాళ ఏ రంగు చీర కట్టానో చెప్పు అన్నాను. వచ్చినప్పుడు నీలం, ఇప్పుడు మార్చుకున్నావా ఏంటి అన్నాడు. ఇంకోసారి దోమ వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. కడుపునిండా తాగి లేచిపోయిందాకా చెయ్యి వదల్లేదు, కన్ను తెరవలేదు. పిన్ని అదంతా చూసింది. చూసి, కుడి చేత్తో ఆయన ముక్కు మీద దురద పెట్టినచోట రుద్దింది. అది చూసిన రోజు ఇంటికెళ్లి మా ఆయనతో ఏ కారణం లేకుండా బాగా మాట్లాడాను. ఆయన కంగారుపడ్డాడు.

ఇంత సుఖంగా ఉంటే ముప్ఫై ఏళ్ల ముందే చెప్పి ఉండొచ్చు కదా పిన్నీ అని ఒకసారి అడిగాను. ఆ రోజుల్లో అయితే ఆయన కళ్లు మూసుకునేవాడో లేదో అంది.

మొన్న కార్తీకం వెళ్లాక పిన్నికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆస్పత్రిలో రెండు రోజులే. తెల్లవారాక పోయింది. తొమ్మిదింటికల్లా ఇంటికి తెచ్చేశాం. గుడివాడ నుంచి, బందరు నుంచి చుట్టాలు బయల్దేరారని ఫోన్లు. హాల్లో కుర్చీలు వేస్తున్నారు, ఐసు బాక్సు వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టాలని పెద్దావిడలు తొందరపడుతున్నారు. అప్పటిదాకా మూల స్టూలు మీద కూర్చున్న బాబాయి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఈసారి బుధవారం మనం చెయ్యలేదు. జనం వచ్చేస్తారు. దారం ఉందా?" అన్నాడు.

ఉంది. నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. పెద్దావిడల్ని ఐదు నిమిషాలు బయట ఉండమన్నాను. పోయినావిడకి ఇప్పుడు ఇవేం సోకులు అని ఎవరో గొణిగారు. ఇంకో రోజైతే ఆవిడ సంగతి చూసేదాన్నే. తలుపు వేసి గడియ పెట్టాను.

బాబాయి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు నేను పెట్టనక్కర్లేదు, వాటంతటవే వెళ్లి పిన్ని మెడ మీద చోటు వెతుక్కున్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఈసారి రెండు చేతులూ ఆయనవే. చర్మం చల్లగా ఉంది. ఆయన ఎప్పటిలాగే బిగువుగా పట్టుకున్నాడు. కథలేం చెప్పలేదు. ఒక్క గాటు కూడా పడకుండా తీశాను. తుడిచాను. పౌడరు రాశాను.

"అయింది బాబాయ్" అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. ముఖం పిన్ని వైపుకి తిప్పి, వంగి, మెల్లగా అడిగాడు.

"ఏమోయ్, చూడనా?"

బయట కుర్చీల చప్పుడు. ఆయన అలాగే వంగి ఉన్నాడు, జవాబు వచ్చేదాకా తెరిచేలా లేడు. ఎంతసేపని చూస్తాను? పిన్ని తరఫున నేనే ఊఁ అన్నాను.